పత్తి, రాజ్యాంగం, బానిసత్వం: టెక్సస్ పుట్టుకపై తెగని వాదం

1836 మార్చి 2న బ్రాజోస్ నది ఒడ్డున వాషింగ్టన్ అనే చిన్న ఊళ్లో, పని ఇంకా పూర్తికాని ఒక చెక్క భవనంలో సమావేశమైన ప్రతినిధులు మెక్సికో నుంచి టెక్సస్ విడిపోయిందని ప్రకటించారు. ఆ ప్రకటనలో ఫిర్యాదుల చిట్టా పెద్దదే. జ్యూరీ విచారణ హక్కు ఇవ్వలేదు, బడులు పెట్టలేదు, మనస్సాక్షి చెప్పినట్లు దేవుణ్ని కొలుచుకోనివ్వలేదు, సైనికాధికారులను నెత్తిన కూర్చోబెట్టారు, ఆదివాసీ తెగలను మా మీదికి ఉసిగొల్పారు... ఇలా సాగుతుంది. ఇంత జాబితాలో నల్లజాతి బానిసల ఊసు ఒక్కచోట కూడా లేదు. అదే ప్రతినిధులు అదే చోట సరిగ్గా పదిహేను రోజుల తర్వాత, మార్చి 17న, కొత్త దేశపు రాజ్యాంగాన్ని పూర్తిచేశారు. అందులో బానిసల గురించి ఒక పెద్ద సెక్షనే ఉంది. బానిసలకు విముక్తి కల్పించే అధికారం దేశ పార్లమెంటుకు సైతం ఉండదని ఆ సెక్షన్ తేల్చిచెప్పింది.

టెక్సస్ స్వాతంత్ర్యంలో బానిసత్వం పాత్ర ఎంత అన్న వాదం దాదాపు 190 ఏళ్లుగా ఈ రెండు పత్రాల మధ్యనే తిరుగుతోంది. మొదటి పత్రాన్ని చేతపట్టుకున్నవారు అది నిరంకుశ పాలన మీద జరిగిన తిరుగుబాటు అంటారు. రెండో పత్రాన్ని చూపించేవారు అది పత్తి యజమానుల తిరుగుబాటు అంటారు. ఈ వాదం చరిత్ర శాఖల గడప దాటి చాలాకాలమైంది. శాసనసభలకు, పాఠ్యప్రణాళికలకు, మ్యూజియాలకు, చివరికి డ్రైవింగ్ లైసెన్సు కౌంటర్లకు కూడా చేరింది.

ముందుగా సంప్రదాయ కథనం బలమేమిటో చూడాలి. దాన్ని కట్టుకథ అని కొట్టిపారేయడం సులువు, కానీ న్యాయం కాదు. స్పెయిన్ నుంచి 1821లో స్వాతంత్ర్యం పొందిన మెక్సికో 1824లో ఫెడరల్ రాజ్యాంగం రాసుకుంది. రాష్ట్రాలకు గణనీయమైన అధికారాలు దక్కాయి. 1833లో ఉదారవాదుల మద్దతుతో అధ్యక్షుడైన శాంటా ఆనా ఏడాది తిరగకుండానే అటు నుంచి ఇటు దూకాడు. రాష్ట్రాల అధికారాలకు కత్తెర వేశాడు. రాష్ట్ర సైనిక దళాలను కుదించమన్నాడు. కాదన్న జకటెకాస్ రాష్ట్రం మీదికి 1835 మేలో స్వయంగా సైన్యాన్ని నడిపించి, ఓడించి, దోపిడీకి వదిలేశాడు. ఆ వార్త టెక్సస్ చేరాక అక్కడివారు భయపడ్డారంటే అందులో నటన ఏమీ లేదు. పైగా తిరగబడింది టెక్సస్ ఒక్కటే కాదు. నల్లజాతి బానిసలతో పెద్ద తోటలు నడపని జకటెకాస్ తిరగబడింది. 1840లో రియో గ్రాండే ప్రాంతం, 1841లో యూకటాన్ కేంద్రీకరణను ధిక్కరించి సొంత జెండాలు ఎగరేశాయి. టెక్సస్ పక్షాన పోరాడినవారిలో హువాన్ సెగీన్ వంటి స్పానిష్ భాషీయులు ఉన్నారు. కొత్త దేశానికి తొలి ఉపాధ్యక్షుడు లొరెంజో దె జవాలా మెక్సికో ఫెడరలిస్టు నాయకుల్లో పేరుమోసినవాడు. వీళ్లందరినీ అమెరికా దక్షిణాది బానిస యజమానుల తోకలుగా చూపిస్తే లెక్క కుదరదు.

మరో బలమైన పాయింటు కూడా ఉంది. 1835 అక్టోబరులో గొన్సాలెస్ దగ్గర తొలి తుపాకీ పేలేనాటికి, బానిసలందరినీ తక్షణం వదిలేయాలన్న కొత్త ఆజ్ఞ ఏదీ మెక్సికో నుంచి రాలేదు. మెక్సికో తన భూభాగమంతటా మినహాయింపు లేకుండా బానిసత్వాన్ని రద్దుచేసిన చట్టం 1837 ఏప్రిల్‌లో వచ్చింది, అంటే టెక్సస్ చేజారిన ఏడాదికి. ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో టెక్సస్ చరిత్ర రచనకు పెద్దదిక్కుగా నిలిచిన యూజీన్ బార్కర్ ప్రధానంగా ఈ కాలక్రమం ఆధారంగానే, విప్లవానికి దారితీసిన కారణాల్లో బానిసత్వానికి చెప్పుకోదగ్గ భాగం లేదని వాదించారు. తక్షణ కారణం వరకే చూస్తే ఆ వాదనను కాదనడం కష్టం.

అయితే తక్షణ కారణం వెతికేవారు సాధారణంగా తుపాకీ పేలిన వారం నుంచి వెనక్కి రెండేళ్లు చూసి ఆగిపోతారు. మరో పదేళ్లు వెనక్కి వెళ్తే బొమ్మ మారిపోతుంది.

అమెరికాలో 1819 ఆర్థిక సంక్షోభం తర్వాత ప్రభుత్వ భూమి ఎకరా 1.25 డాలర్లు, అదీ రొక్కం ఇస్తేనే. సబీన్ నది దాటి మెక్సికోలో అడుగుపెడితే రుసుములన్నీ కలిపినా అందులో పదో వంతుకు దొరికేది. ఆ నేల బ్రాజోస్, కొలరాడో నదుల ఒండ్రు నేల. ఇంగ్లండు మిల్లులకు పత్తి ఎంత పంపినా చాలని కాలం. స్టీఫెన్ ఆస్టిన్ తన తండ్రి మోజెస్ సంపాదించిన అనుమతితో తొలి 300 కుటుంబాలను ఇక్కడ స్థిరపరచడానికి పూనుకున్నప్పుడు భూమి పంపకానికి వేసుకున్న మొదటి లెక్కలోనే బానిసకు వాటా ఉంది. కుటుంబ పెద్దకు ఇంత, భార్యకు ఇంత, ఒక్కో బిడ్డకు ఇంత, యజమాని వెంట వచ్చే ఒక్కో బానిసకు 80 ఎకరాలు. ఆ 80 ఎకరాలు బానిసకు కాదు, యజమానికే. 1822లో అలబామా నుంచి జారెడ్ గ్రోస్ అనే ఆసామి దాదాపు 90 మంది బానిసలతో బ్రాజోస్ ఒడ్డుకు దిగి పది లీగుల భూమి, అంటే 44,000 ఎకరాలకు పైగా, సంపాదించాడు. 1825 జనాభా లెక్కల్లో ఆస్టిన్ కాలనీలో ఉన్న సుమారు 1,800 మందిలో 443 మంది బానిసలు. దాదాపు నలుగురిలో ఒకరు. ఆ కాలనీని పేద రైతుల సాహసగాథగా చెప్పేటప్పుడు ఈ నాలుగో మనిషి తరచుగా జారిపోతుంటాడు.

మెక్సికో పాలకులకు ఇది మింగుడుపడలేదు. అలాగని గట్టిగా ఆపనూ లేదు. 1823 వలస చట్టం బానిసల క్రయవిక్రయాలను నిషేధించి, బానిసలకు అక్కడ పుట్టే పిల్లలు పద్నాలుగేళ్లకు స్వేచ్ఛ పొందాలంది. 1824లో బానిస వ్యాపారంపై మరో నిషేధం వచ్చింది. టెక్సస్‌ను కోవావీలాతో కలిపి ఒకే రాష్ట్రం చేశాక, ఆ రాష్ట్రపు 1827 రాజ్యాంగం పదమూడో అధికరణం ఇకపై ఈ నేల మీద ఎవరూ బానిసగా పుట్టరని, ఆరు నెలల తర్వాత కొత్త బానిసలను తీసుకురావడం కుదరదని శాసించింది. 1829 సెప్టెంబరులో, తానే ఆఫ్రికన్ మూలాలున్న అధ్యక్షుడు విసెంతె గెరెరో దేశమంతటా బానిసత్వం రద్దని ప్రకటించాడు. టెక్సస్ పెద్దలు గగ్గోలు పెట్టడంతో డిసెంబరులో టెక్సస్‌కు మినహాయింపు దక్కింది. 1830 ఏప్రిల్ 6 చట్టం అమెరికా నుంచి వలసలకు, కొత్త బానిసల రాకకు కలిపి తలుపు మూసింది. ఒక్కో చట్టం రావడం, దాన్ని దాటే దారి ఒకటి దొరకడం... పదేళ్లు ఇదే తంతు.

ఆ దారుల్లో ఒకదాన్ని దగ్గరగా చూడాలి. 1828 మే నెలలో రాష్ట్ర శాసనసభ, విదేశంలో కుదిరిన పని ఒప్పందాలు ఇక్కడ కూడా చెల్లుతాయని ఒక చిన్న చట్టం చేసింది. చదవడానికి అమాయకంగా ఉంటుంది. దాని ఆధారంగా అమెరికా యజమానులు సరిహద్దు దాటే ముందు తమ బానిసలను అధికారి ముందు నిలబెట్టి పత్రం రాయించేవారు. ఈ మనిషి ఇకపై బానిస కాడు, తన ఖరీదు, ప్రయాణ ఖర్చు తీరేదాకా పనిచేయడానికి ఇష్టపూర్వకంగా ఒప్పుకున్న జీతగాడు. జీతం ఎలాగూ అప్పు తీరేంత ఉండదు. అతని పిల్లలు కూడా పత్రంలోకి వచ్చేస్తారు. 1833 డిసెంబరులో శాన్ ఫెలిపె పట్టణంలో క్లారిసా అనే నల్లజాతి యువతి పేర రాసిన ఒప్పందం ఒకటి మిగిలింది. తన వ్యక్తిగత స్వేచ్ఛ మీద హక్కును 99 ఏళ్లపాటు వదులుకుంటున్నట్లు, నమ్మకమైన పనిమనిషిగా నడుచుకుంటానన్నట్లు ఆమె చేత చెప్పించారు. బదులుగా తిండి, బస, జబ్బుచేస్తే వైద్యం. 99 ఏళ్ల తర్వాత ఆమె స్వేచ్ఛాజీవి అన్నమాట! వెట్టి పత్రాల చరిత్ర తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ పద్ధతి గురించి వేరే వివరణ అక్కర్లేదు. 1832లో రాష్ట్రం ఇలాంటి ఒప్పందాలకు పదేళ్ల గరిష్ఠ పరిమితి పెట్టింది. క్లారిసా పత్రం ఆ తర్వాతిదే.

అసలు కీలకం ఇక్కడే ఉంది. బానిసత్వమా, ఫెడరలిజమా అని రెండు కారణాలను తక్కెడలో చెరోవైపు పెట్టి తూచే అలవాటు ఈ వాదంలో మొదటి నుంచీ ఉంది. కానీ ఆ పదేళ్లలో టెక్సస్ భూస్వాములకు ఫెడరలిజం వల్ల చేతికందిన లాభం ఏమిటని అడిగితే, సమాధానంలో సగం 1828 చట్టమే. మెక్సికో నగరంలో బానిసత్వ వ్యతిరేకత బలంగా ఉండేది. రాష్ట్ర రాజధాని సాల్తీయోలో బేరానికి చోటుండేది. ఆ చట్టం గట్టెక్కడానికి కృషిచేసినవాడు శాన్ ఆంటోనియోకు చెందిన హొసే ఆంటోనియో నవారో. టెక్సస్‌కు జనం, పెట్టుబడి రావాలంటే పత్తి తప్ప దారి లేదని నమ్మిన స్పానిష్ భాషీయ పెద్దల్లో ఆయన ఒకడు. 1836లో స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవారిలోనూ ఉన్నాడు. కాబట్టి 1835లో శాంటా ఆనా రాష్ట్రాల శాసనసభలను రద్దుచేసినప్పుడు పోయింది స్వపరిపాలన అన్న ఆదర్శం ఒక్కటే కాదు. మినహాయింపులు సాధించుకునే ఆ వేదిక కూడా పోయింది. రాష్ట్ర హక్కుల కోసం పోరాడామన్న మాట నిజమే. ఆ హక్కులను దేనికి వాడుకున్నారన్నది కూడా అంతే నిజం.

ఆస్టిన్ ఉత్తరాలు ఈ చిక్కుముడిని ఒకే మనిషిలో చూపిస్తాయి. బానిసత్వం మీద ఆయనకు లోలోపల జంకు ఉండేది. 1830 ప్రాంతంలో టెక్సస్‌లో అది లేకపోతేనే మేలని రాశాడు. నల్లవారి సంఖ్య పెరిగితే ఎప్పటికైనా తిరుగుబాటు తప్పదన్న భయం కూడా అందులో కలిసి ఉంది. 1833 మే నాటికి మాట మార్చాడు. సూత్రంగా తన అభిప్రాయం మారలేదంటూనే, టెక్సస్ బానిస దేశం కాక తప్పదని, పరిస్థితులు, ప్రజల కోరిక అలా ఉన్నాయని, దానికి తోడ్పడటం తన బాధ్యత అని రాశాడు. మెక్సికో నగరంలో చాలాకాలం నిర్బంధంలో గడిపి బయటపడ్డాక, 1835 ఆగస్టులో తన బంధువు మేరీ హోలీకి రాసిన ఉత్తరంలో టెక్సస్ పూర్తిగా అమెరికామయం కావాలని, అది బానిస దేశంగానే ఉండాలని తేల్చేశాడు. గొన్సాలెస్ పోరు అప్పటికి నెలన్నర దూరంలో ఉంది. తిరుగుబాటు నాయకత్వంలో మొదటి వరుసలో ఉన్న మనిషి మనసులో ఈ రెండు విషయాలు వేర్వేరు అరల్లో లేవు.

పొలాల్లో ఉన్నవారి మనసుల్లోనూ లేవు. 1835 అక్టోబరులో గొన్సాలెస్ ఘటన జరిగిన కొద్ది రోజులకే బ్రాజోస్ లోయలో బానిసల తిరుగుబాటు ప్రయత్నం బయటపడింది. వైట్ అనే స్థానికుడు అక్టోబరు 17న ఆస్టిన్‌కు రాసిన ఉత్తరం ప్రకారం దాదాపు వంద మందిని పట్టుకున్నారు. కొందరిని ఉరితీశారు, చాలామందిని చావబాదారు. ఆ ఉత్తరంలోనే ఒక విచిత్రమైన వివరం ఉంది. పత్తి తోటలను తమలో తాము పంచుకుని, తెల్లవారి చేత పనిచేయించి, పత్తిని న్యూ ఆర్లియన్స్‌కు ఎగుమతి చేయాలని వాళ్లు పథకం వేసుకున్నారట. అది నిజంగా వాళ్ల పథకమో, యజమానుల భయం అల్లిన ఊహో ఇవాళ విడదీయడం కష్టం. ఏదైనా, యుద్ధం మొదలైన నెలలోనే ఒక వీధిలో స్వాతంత్ర్య నినాదాలు, పక్క పొలంలో ఉరితాళ్లు. తర్వాతి నెలల్లో చాలామంది యజమానులు సైన్యంలో చేరడానికి వెనకాడటానికి ఒక కారణం, ఇల్లు వదిలితే బానిసలు ఏం చేస్తారోనన్న బెంగ.

ఇక మెక్సికో వైపు. 1836 ఫిబ్రవరిలో ఉత్తరానికి దండెత్తి వస్తూ శాంటా ఆనా తన యుద్ధమంత్రికి రాసిన లేఖలో టెక్సస్ బానిసల ప్రస్తావన తెచ్చాడు. అనుమానాస్పద ఒప్పందాల ముసుగులో వాళ్లను తెచ్చారని, మన చట్టాల ప్రకారం వాళ్లు స్వేచ్ఛాజీవులు కావాలని, కులం, రంగు తేడా లేకుండా మనిషి స్వేచ్ఛను కాపాడే దేశంలో ఈ అభాగ్యులు సంకెళ్లలో మూలగాల్సిందేనా అని అడిగాడు. మాట గొప్పది. అన్నవాడు జకటెకాస్‌ను దోచుకోనిచ్చినవాడు, బలవంతంగా పట్టితెచ్చిన రైతులతో సైన్యం నింపినవాడు. మెక్సికో హసియెండాల్లో, అంటే పెద్ద భూస్వాముల ఎస్టేట్లలో, అప్పు కింద తరతరాలు చాకిరీ చేసే కూలీల గతి కూడా ఏమంత గొప్పగా లేదు. కాబట్టి శాంటా ఆనాను బానిసల విమోచకుడిగా నిలబెట్టే కొత్తరకం కథనం పాత కథనం కంటే మెరుగేమీ కాదు. బానిసల దృష్టిలో మాత్రం ఆయన గుణగణాల కంటే సైన్యం ఎటు ఉందన్నదే ముఖ్యం. మెక్సికన్ దళాలు తూర్పుకు జరిగేకొద్దీ పారిపోయి వాటిలో కలిసినవారు ఎందరో. సాన్ హసీంతో యుద్ధంలో మెక్సికో ఓడిపోయాక కుదిరిన 1836 మే 14 వెలాస్కో ఒప్పందంలో, మెక్సికన్ సైన్యం చేజిక్కించుకున్న లేదా ఆశ్రయమిచ్చిన గుర్రాలు, పశువులు, నీగ్రో బానిసలు, ఒప్పంద సేవకులు అన్నీ తిరిగి అప్పగించాలన్న షరతు ఉంది. గుర్రాలకు, పశువులకు, మనుషులకు కలిపి ఒకే వాక్యం. మెక్సికన్ జనరల్ ఉర్రేయా తన దగ్గరికి వచ్చిన బానిసలను అప్పగించలేదని తర్వాత రాసుకున్నాడు.

అలమో కోట కథ ఈ సందర్భంలో తప్పదు. 1836 మార్చి 6న శాంటా ఆనా సైన్యం దాడికి శాన్ ఆంటోనియోలోని ఆ కోట కూలినప్పుడు రక్షకులంతా చనిపోయారని బడిలో చెబుతారు. కానీ కోట సేనాని విలియం ట్రావిస్ బానిస, ఇరవై మూడేళ్లవరకు వయసున్న జో, ప్రాణాలతో బయటపడ్డాడు. ట్రావిస్ గోడ మీద ఎలా పడిపోయాడో లోకానికి తెలిసింది ఎక్కువగా జో నోటి ద్వారానే. టెక్సస్ తాత్కాలిక ప్రభుత్వ మంత్రుల ఎదుట అతను వినయంగా, స్పష్టంగా సాక్ష్యం చెప్పాడని అక్కడే ఉన్న ఒక ప్రయాణికుడు డైరీలో రాశాడు. సాక్ష్యం తీసుకున్నాక జోను ట్రావిస్ ఆస్తిలో భాగంగా తిరిగి అప్పగించారు. 1837 ఏప్రిల్ 21న, సాన్ హసీంతో విజయానికి మొదటి వార్షికోత్సవం నాడు, అతను ఒక మెక్సికన్‌తో కలిసి రెండు గుర్రాల మీద పారిపోయాడు. పట్టిచ్చినవారికి 50 డాలర్లు బహుమానమని వచ్చిన పత్రికా ప్రకటన ఇవాళ్టికీ చదవొచ్చు. ఇదే ట్రావిస్ 1832లో అనవాక్ రేవు దగ్గర మొదటిసారి మెక్సికన్ అధికారులతో తలపడింది కూడా బానిసల వ్యవహారంలోనే. లూసియానా నుంచి పారిపోయి వచ్చి మెక్సికన్ దండు ఆశ్రయంలో ఉన్న బానిసల కోసం వచ్చిన యజమానికి ట్రావిస్ వకీలు. అలమోలో చనిపోయిన మరో వీరుడు జేమ్స్ బోవీ అంతకు పదిహేనేళ్ల ముందు బానిసల దొంగరవాణాతో డబ్బు గడించినవాడే.

ఇప్పుడు మార్చి 17 రాజ్యాంగానికి వద్దాం. ఈ వాదంలో ఊహాగానాలకు తావివ్వని పత్రం ఇదొక్కటే. సాధారణ నిబంధనల్లో తొమ్మిదో సెక్షన్ ప్రకారం, టెక్సస్ రాకముందు జీవితాంతపు బానిసలుగా ఉండి, ఇప్పుడు చాకిరీలో ఉన్న నల్లవారంతా అదే స్థితిలో కొనసాగుతారు. దీంతో 99 ఏళ్ల ఒప్పందాల నాటకానికి తెరపడింది. జీతగాడని రాయించుకున్న మనిషి ఒక్క కలం పోటుతో మళ్లీ బానిస. అమెరికా నుంచి బానిసలను తెచ్చుకోకుండా పార్లమెంటు ఏ చట్టమూ చేయకూడదు. బానిసలను విడుదల చేసే అధికారం దానికి లేదు. చివరికి ఏ యజమాని అయినా మనసు మారి తన బానిసకు స్వేచ్ఛ ఇవ్వాలనుకున్నా, పార్లమెంటు అనుమతి లేకుండా కుదరదు, లేదంటే ఆ మనిషిని దేశం దాటించాలి. స్వేచ్ఛగా ఉన్న నల్లవారు సైతం పార్లమెంటు అనుమతి లేకుండా స్థిరనివాసం ఉండకూడదు. ఆఫ్రికా నుంచి నేరుగా తేవడం మాత్రం సముద్రపు దోపిడీ నేరం. అమెరికా చట్టం కూడా అదే, పైగా ఇంగ్లండు గుర్తింపు కావాలంటే ఆ మాత్రం తప్పదు. పదో సెక్షన్ స్వాతంత్ర్యం నాటికి ఉన్న నివాసులందరినీ పౌరులుగా గుర్తించి, కుటుంబానికి దాదాపు 4,600 ఎకరాల హక్కు ఇస్తూ, ఆఫ్రికన్లను, వారి సంతతిని, అక్కడి ఆదివాసీ తెగలను బయట నిలబెట్టింది.

అప్పటి అమెరికా దక్షిణాది రాష్ట్రాల రాజ్యాంగాలు కూడా బానిసత్వాన్ని కాపాడినవే, ఇందులో టెక్సస్ ప్రత్యేకత ఏముందని అడిగేవారున్నారు. ప్రత్యేకత ఉంది. ఆ రాష్ట్రాలు అప్పటికే ఉన్న వ్యవస్థకు రాతపూర్వక రక్షణ ఇచ్చాయి. టెక్సస్ ప్రతినిధులు మాత్రం చట్టం కాగితం మీదైనా రద్దు బాట పట్టిన దేశం నుంచి విడిపోయి, ఆ బాటను వెనక్కి తిప్పి, యజమాని దయకు కూడా తాళం వేశారు. యుద్ధం తమ మీదికి వస్తున్న ఆ రెండు వారాల్లో, అలమో కూలిన వార్త చేరిన సమయంలో, ఇంత వివరంగా రాసుకోవడానికి తీరిక చేసుకున్నారంటే అది వాళ్లకు పక్క విషయం కాదు.

ఆ సెక్షన్ బరువు ఎవరి మీద పడిందో రెండు పేర్లు చెబుతాయి. శామ్యూల్ మెకల్లక్ స్వేచ్ఛగా ఉన్న నల్లజాతి యువకుడు. 1835 అక్టోబరులో గోలియాడ్ కోట పట్టుకునేటప్పుడు భుజానికి తూటా తగిలింది. టెక్సస్ తరఫున ఆ యుద్ధంలో గాయపడిన తొలివారిలో అతను ఒకడు. రక్తం చిందించిన దేశంలో ఉండనివ్వమని 1837లో అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది. గ్రీన్‌బరీ లోగన్ కమ్మరి. 1831లో వచ్చి ఆస్టిన్ కాలనీలో స్థిరపడ్డాడు. 1835 డిసెంబరులో శాన్ ఆంటోనియో ముట్టడిలో గాయపడి, పనిచేయలేని స్థితికి చేరాడు. 1840లో పార్లమెంటు స్వేచ్ఛగా ఉన్న నల్లవారంతా రెండేళ్లలో దేశం విడిచి పోవాలని చట్టం చేసింది. కొందరికి మినహాయింపులు తర్వాత వచ్చాయి. 1841లో లోగన్ ఒక ప్రజాప్రతినిధికి తప్పుల తడక ఇంగ్లిషులో రాసిన ఉత్తరం ఉంది. స్వేచ్ఛాజీవికి ప్రియమైన హక్కులన్నీ లాక్కున్నారని, సాక్షి లేకుండా బాకీ వసూలు చేసుకోలేనని, ఓటు లేదని, పన్ను మాత్రం కట్టమంటున్నారని. మెక్సికో ఏలుబడిలో పౌరుడిగా భూమి పొందిన మనిషి, స్వాతంత్ర్యం కోసం పోరాడి, ఆ స్వాతంత్ర్యంలో పౌరసత్వం పోగొట్టుకున్నాడు. టెక్సస్ విప్లవం స్వేచ్ఛ కోసమేనా అన్న ప్రశ్నకు వచ్చిన సమాధానాల్లో దీనికంటే సూటి అయినది మరొకటి దొరకదు.

అవతలి పక్షం అతి కూడా చూడాలి. బానిసత్వ వ్యతిరేక ఉద్యమకారుడు బెంజమిన్ లండీ 1836లోనే కరపత్రం వేసి, ఇదంతా బానిస యజమానులు, భూముల దళారులు పన్నిన కుట్ర అన్నాడు. మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ ఆ వాదనను అమెరికా ప్రతినిధుల సభలో వినిపించాడు. రాజకీయంగా అది బ్రహ్మాస్త్రమే అయింది. అమెరికాలో టెక్సస్ చేరిక తొమ్మిదేళ్లు ఆగిపోవడానికి, 1844లో చేరిక ఒడంబడిక సెనేట్‌లో 35–16 తేడాతో ఓడిపోవడానికి అది ముఖ్య కారణం. చరిత్రగా మాత్రం కుట్ర సిద్ధాంతం నిలవదు. వాషింగ్టన్‌లో కూర్చుని ఎవరో గీసిన పథకం ప్రకారం అన్నీ జరిగాయనడానికి ఆధారం లేదు. టెక్సస్‌లో బానిసత్వం చరిత్ర మీద విస్తృతంగా పనిచేసిన ర్యాండాల్ఫ్ క్యాంప్‌బెల్ వంటి తర్వాతి తరం చరిత్రకారులు మధ్యేమార్గం పట్టారు. బానిసత్వం తక్షణ కారణం కాదు, కానీ నేపథ్యంలో ఎప్పుడూ ఉంది, స్వాతంత్ర్యం దాన్ని కాపాడింది అన్నారు. ఇటీవలి పరిశోధన ఇంకో అడుగు ముందుకేసి, పత్తి వ్యాపారాన్ని మధ్యలో నిలబెట్టి మొత్తం కథను మళ్లీ చెబుతోంది.

కాపాడింది అన్న మాటకు అంకెలే సాక్ష్యం. 1836లో టెక్సస్‌లో దాదాపు 5,000 మంది బానిసలు ఉన్నారని అంచనా. 1850 జనాభా లెక్కల్లో 58,161. 1860లో 1,82,566, అంటే జనాభాలో 30 శాతం. పత్తి 1849లో 58,000 బేళ్లు, 1859లో 4,31,000 బేళ్లకు పైగా. కొత్త రాజ్యాంగం ఇచ్చిన భరోసా లేకుండా అంత ఖరీదైన మానవ ఆస్తిని వెంటబెట్టుకుని యజమానులు సరిహద్దు దాటి ఉండేవారు కాదు. 1861 ఫిబ్రవరిలో అమెరికా నుంచి విడిపోతూ టెక్సస్ రాసుకున్న కారణాల ప్రకటన మొహమాటం వదిలేసింది. తెల్లజాతివారు ఈ అరణ్యంలో మొదటిసారి కాలుపెట్టినప్పటి నుంచి బానిసత్వం ఇక్కడ ఉందని, ముందు ముందు ఎప్పటికీ ఉండాలన్నదే తమ ప్రజల ఉద్దేశమని అందులో రాశారు. పాతికేళ్ల కిందట మొదటి ప్రకటనలో మౌనంగా ఉన్న విషయం రెండో ప్రకటనలో గొంతెత్తింది. మొదటిసారి మౌనానికి కారణం ఊహించడం కష్టం కాదు. అప్పుడు న్యూయార్క్ అప్పులూ కావాలి, ఉత్తరాది సానుభూతీ కావాలి.

ఇవాళ్టి గొడవ 2021లో రాజుకుంది. అలమో పురాణాన్ని ప్రశ్నిస్తూ ఆ ఏడాది వచ్చిన ఒక పుస్తకం మీద ఆస్టిన్‌లోని రాష్ట్ర చరిత్ర మ్యూజియంలో జరగాల్సిన చర్చ, లెఫ్టినెంట్ గవర్నర్ జోక్యంతో చివరి గంటల్లో రద్దయింది. అంతకు కొద్ది వారాల ముందే గవర్నర్ గ్రెగ్ అబాట్ ‘1836 ప్రాజెక్టు’ చట్టం మీద సంతకం చేశారు. రాష్ట్ర చరిత్ర గురించి దేశభక్తి బోధను ప్రోత్సహించడం దాని లక్ష్యం. అమెరికా చరిత్ర కేంద్రంలో బానిసత్వాన్ని ఉంచి 2019లో ఒక ప్రముఖ పత్రిక ‘1619 ప్రాజెక్టు’ పేరిట చేసిన ప్రయత్నానికి ఇది పోటీ అని పేరులోనే తెలుస్తుంది. ఆ పేరు ఎంచుకోవడంలో ఒక తమాషా ఉంది. 1836 అంటూ ఆ ఏడాది పత్రాలు తెరవమన్నాక, మార్చి 2 దగ్గర ఆగిపొమ్మని ఎవరినీ అడగలేరు. మార్చి 17 కూడా ఆ ఏడాదిలోదే.

డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్ శివార్లలో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలకు ఈ వాదం దూరపు ముచ్చట కాదు. టెక్సస్ బడుల్లో పిల్లలు రాష్ట్ర చరిత్రను నాలుగో తరగతిలో ఒకసారి, ఏడో తరగతిలో మరోసారి చదువుతారు. అలమోకు విహారయాత్రలకు వెళ్తారు. ఇక పెద్దల సంగతికొస్తే, టెక్సస్ చరిత్ర మీద ఈ ప్రాజెక్టు కమిటీ తయారుచేసే కరపత్రాన్ని డ్రైవింగ్ లైసెన్సు తీసుకునేవారికి ఇవ్వాలని ఆ చట్టంలోనే ఉంది. నిన్నమొన్న వచ్చి లైసెన్సు కోసం వరుసలో నిలబడిన తెలుగు ఇంజినీరుకు కూడా ఆ కథ చెప్పాలన్నది ఉద్దేశం. ఏ కథనం చేతికొచ్చినా దాన్ని పరీక్షించే పద్ధతి ఒకటే: తొమ్మిదో సెక్షన్ పాఠం అందులో ఉందా, గ్రీన్‌బరీ లోగన్ పేరు ఉందా అని చూడటం.